ఖాళీ చేసిన జాగా

మేడ్చల్‌లో హైవేకి కాస్త లోపలగా, కొత్తగా లేచిన కాలనీలో మా ఇల్లు. పై గదిలో కూర్చుని ఇంటినుంచే ఉద్యోగం చేస్తాను. చవక ఫోన్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి అడుగున ఉండే కెర్నెల్ మా బృందం పని. తోటివాళ్లు కోడ్‌లో చేసిన మార్పులు చదివి, తప్పుంటే తిప్పి పంపడం, బాగుంటే ఒప్పుకోవడం నా వంతు.

ఆ ఏడాది మాకు అప్పగించింది ఒకటే. కెర్నెల్ తినే మెమరీ తగ్గించాలి. ఆ ఫోన్లలో ఉండేదే కొంచెం. అందులో సగం కెర్నెలే ఆక్రమించుకుంటే, పాట వింటూ మెసేజ్ తెరిచినవాడికి పాట ఆగిపోతుంది.

మార్పులు రాసేది మచ్చ బొల్లారంలో ఉండే సహోద్యోగి. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. "జాగా ఉట్టిగనే పడున్నదక్కా, ఎవ్వడు వాడుతలేడు" అంటూ ఎక్కడెక్కడి మూలల్లో వెతికేవాడు. ఒకసారి, ఎప్పుడో తప్ప అక్కరలేని సమాచారానికి ముందే జాగా తీసిపెట్టకుండా, అవసరం వచ్చినప్పుడే తీసుకునేలా మార్చాడు. నేను తిప్పి పంపాను. ఫోన్‌లోని రెండు ప్రాసెసర్లు ఒకే క్షణంలో అడిగితే రెండుసార్లు జాగా పోతుంది, అందులో ఒకటి ఇక ఎవరికీ దక్కదు.

వెంటనే ఫోన్ చేశాడు. "అయ్యో, గది సూడనే లేదక్కా! మంచిగ పట్టిన్రు."

అతని గొంతులో చిన్నబుచ్చుకోవడం లేదు, సంబరమే ఉంది. నెలల తరబడి అలా పిసరు పిసరుగా ఖాళీ చేసుకుంటూ వచ్చాం. చివరికి పరీక్షలో పాట ఆగలేదు.

అప్పుడు పక్క బృందం నుంచి ఒక మార్పు వచ్చింది. మనిషి ఏ యాప్ ఎంతసేపు చూస్తున్నాడో కనిపెట్టి ప్రకటనలకు అందించడానికట. ఫోన్ వెలగగానే పెద్ద ముక్క పక్కన పెట్టేసుకుంటుంది. మేం మిగిల్చిందంతా అందులోకే పోయింది, ఇంకా చాల్లేదు. కుదరదని రాశాను. మేనేజరు ఫోన్ చేశారు.

"మీరన్నది నిజమేనండీ. కానీ పైన నిర్ణయం అయిపోయింది."

"మరి నన్నెందుకు చదవమన్నారు?"

"పద్ధతి ప్రకారం పంపారండీ," అన్నారు.

సాయంత్రానికి ఆ మార్పు పక్కన నా పేరు తీసేశారు. మరెవరో ఒప్పుకున్నారు.

ఉద్యోగం మానేస్తానని మెసేజ్ పెట్టి, రెండు వారాలకు మచ్చ బొల్లారం సహోద్యోగి మేడ్చల్ వచ్చాడు. బస్ డిపో దగ్గర హోటల్లో చాయ్ తాగాం.

"ఇగ నాతోని కాదక్కా. కీసర దిక్కు మా బామ్మర్ది ప్లాట్లు అమ్ముతుండు. ఆయనతోని పోత."

"ఆ పని నీకు నచ్చుతుందా?"

"నచ్చుడేంది? అమ్మిన ప్లాటు అమ్మినట్టే ఉంటది. తెల్లారేసరికి అండ్ల ఎవడో అచ్చి కూసోడు."

ఉండమని చెప్పడానికే వెళ్లాను. ఎందుకుండాలో మాత్రం నాకే తెలియలేదు. లారీల రొదలో ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం. అతని బస్సు వచ్చింది. "పోయొస్తక్కా" అని ఎక్కేశాడు.

అతను వెళ్లిపోయాక చూస్తే, చివరగా పంపిన మార్పు ఒకటి నా దగ్గర మిగిలిపోయి ఉంది. చాలా చిన్నది. ఒక పూటంతా దాని ముందే కూర్చున్నాను. ఒక్క తప్పైనా దొరికితే ఆ వంకతో ఫోన్ చేయొచ్చని ఆశ. దొరకలేదు. ఒప్పుకుని కోడ్‌లో కలిపేశాను.

మర్నాడు పక్క బృందం నుంచి ఇంకో మార్పు వచ్చింది. ఈసారి ఒప్పుకుంటారా అని నన్ను అడగలేదు. ఊరికే తెలియజేయడానికి పంపారు. అయినా మొదటి వరుస నుంచి చివరిదాకా చదివాను. చదివి, మూసేశాను.