రెండు గుప్పిళ్ల కందులు

మొన్న సోమవారం పొద్దున చెల్లె ఫోన్ చేసి, "అక్కా, మన సైన్స్ సార్ పోయిండు" అంది. వికారాబాద్‌లో ఆయన ఇల్లు చేరేదాకా నేను నమ్మలేదు. తాండూరు బడిలో మాకు పాఠం చెప్పినన్నాళ్లూ ఆయన అక్కడి నుంచే రైల్లో వచ్చేవారు. ఎప్పుడైనా ఆలస్యమైతే తప్పు రైలుదే.

నేను పుట్టుకతోనే తెల్లదాన్ని. ఒళ్లు, జుట్టు, కనురెప్పలు అన్నీ తెలుపే. ఎండలో కళ్లు తెరవలేను, పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే తప్ప అక్షరం కనబడదు. మొదటిరోజు అది చూసి సార్, "నిద్రపోతున్నవా?" అని కసిరారు. సంగతి తెలిశాక మర్నాడు అందరి ముందూ, "నిన్న తప్పు నాదే బిడ్డా" అన్నారు. కిటికీ వెలుతురు పడని చోట, ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఒక సార్ తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ ఏడాది అమ్మ మళ్లీ కడుపుతో ఉంది. మా అమ్మానాన్నలది మేనరికం. నానమ్మ అమ్మకు సొంత మేనత్త. అయినా కనికరం లేదు. "గ్రహణం నాడు బయట తిరిగి గిట్లాంటిదాన్ని కన్నది. మళ్లీ గట్లనే పుడితే గీ గడప తొక్కొద్దు" అని అమ్మను యాలాల్‌లో పుట్టింటికి పంపేసింది. నాన్న అడ్డుపడలేదు. నేను క్లాసులో ఏడుస్తుంటే సార్ ఆరా తీసి, నాన్నను బడికి పిలిపించారు.

నాన్న బండల పాలిష్ పని నుంచి ఒంటి మీది దుమ్ముతోనే వచ్చాడు. సార్ జేబులోంచి నాలుగు కందిగింజలు తీశారు, రెండు ఎర్రవి, రెండు తెల్లవి. ఒక ఎర్రది, ఒక తెల్లది నాన్న గుప్పిట్లో పెట్టి, మిగిలిన రెండూ తన గుప్పిట్లో దాచి, నన్ను దగ్గరికి పిలిచారు.

"గిది నువ్వు, గిది నీ భార్య. బిడ్డా, చూడకుండ ఒక్కో గుప్పిట్లకెల్లి ఒక్కోటి తియ్యి. ఒక్కటి ఎర్రదొచ్చినా పిల్లకు రంగుంటది. రెండూ తెల్లయొస్తేనే నీ లెక్క తెల్లగుంటది."

తీసిన గింజను మళ్లీ గుప్పిట్లో వేస్తూ తీస్తూనే ఉన్నాను. చాలాసార్లు ఎర్రది వచ్చింది. చివరికి రెండూ తెల్లవే. నాన్న తన గుప్పిట వంక చూసుకున్నాడు.

"అంటే సగం నా దగ్గరికెల్లి వచ్చిందా సార్?"

"మరి? ఒక్క ఇంటి నెత్తురాయె, తెల్లది ఇద్దరి దగ్గర దాగున్నది. గింజ పంచుకున్నరు గని, ఇందుల తప్పు ఎవ్వరిదీ లేదు."

"ఇప్పుడు పుట్టేటోళ్లకు రాదు గద?"

"రావచ్చు. నాలుగింట ఒక వంతు, ప్రతి కాన్పుకూ. మునుపు ఏమొచ్చిందో గింజలకు గుర్తుండదు."

ఆ సాయంత్రమే నాన్న యాలాల్ వెళ్లి అమ్మను తీసుకొచ్చాడు. నానమ్మ అరిస్తే, "నన్ను గూడ ఎల్లగొట్టు మరి" అన్నాడట. నెల తిరక్కుండానే చెల్లె పుట్టింది. అచ్చం నాలాగే తెల్లగా. నాన్న మిఠాయి పొట్లం పట్టుకుని బడికి వచ్చాడు. సార్ కళ్లు తుడుచుకోవడం నాకు స్పష్టంగా కనబడలేదు, కానీ తెలిసింది.

పెద్దయ్యేకొద్దీ మా జుట్టు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఎందుకని అడిగితే సార్ ఓపిగ్గా చెప్పారు. "ఒంట్ల రంగు తయారయ్యే పని మొత్తం ఆగిపోతే జుట్టు ఎన్నటికీ తెల్లగనే ఉంటది. జరంత నడిస్తే మీ లెక్క రంగు మారుతది. కొందరికి కండ్లకే పరిమితం. అది ఎక్కువగా మగపిల్లలకు, తల్లి దిక్కుకెల్లి వస్తది." తర్వాత నవ్వి, "రకం ఏదైనా ఎండల టోపీ మరువొద్దు" అన్నారు. నేనిప్పుడు పిల్లలకు సైన్సే చెబుతున్నాను. ఏటా నా సంచిలో కందులుంటాయి.

సార్ ఇంటి ముందు నేను, చెల్లె, నాన్న నిలబడి ఉంటే, ఎవరో పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎవరీ పిల్లలు?" అని నాన్నను అడిగాడు.

"నా బిడ్డలు" అన్నాడు నాన్న. "సగం నా గుప్పిట్లకెల్లే వచ్చిండ్రు."

పెద్దాయనకు ఏమీ అర్థం కాలేదు. నాన్న గొడుగు మా ఇద్దరి మీదికి జరిపి, తను ఎండలో నిలబడ్డాడు.