అమ్మవారి రవిక

కుట్టుమిషను ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళే. కాకపోతే తామిచ్చిన సంగతి నలుగురికీ తెలియకపోతే వాళ్ళకు నిద్రపట్టదు. మిషను బల్ల మీద హిందీలో, ఆకుపచ్చ రంగుతో, ఇంతింత అక్షరాలు రాయించారు: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి ఉపాధి పథకం అని. ఆ బల్లను హిందీ ఊళ్ళోని తెలుగువాళ్ళ పేట లాల్‌ఖదాన్‌లో, పదిమందీ వచ్చిపోయే కొట్లో పెట్టుకుని నీలవేణి ఎలా బతకాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఆమే ఆలోచించింది. అక్షరాల మీద పైడితల్లి అమ్మవారి పటం అతికించింది. రెండేళ్ళుగా ఆ పటమే ఆమెను కాపాడుతోంది.

భర్త పైడిరాజు రైల్వే కాంట్రాక్టరు దగ్గర కూలి. అతను పోయాకే తనకూ ఆ జబ్బుందని తెలిసింది. అత్తవారు మొదట గ్లాసు వేరు పెట్టారు, తర్వాత మంచం వేరు పెట్టారు, చివరికి గుమ్మం చూపించారు. ఊళ్ళోనే కుదుదండ్‌లోని శిక్షణ కేంద్రంలో మూడు నెలలు కుట్టుపని నేర్చుకుంది. రోజూ మాత్ర వేసుకుంటుంది, ఒంట్లో బాగానే ఉంది. బట్టల ద్వారా ఎవరికీ అంటదని ఆమెకు తెలుసు. కొట్టుకొచ్చేవాళ్ళకు తెలియొద్దూ!

ఈసారి జాతరలో ఘటాలెత్తే పన్నెండుమంది ఆడవాళ్ళ పసుపు రవికలూ ఆమెకే వచ్చాయి. ఆనవాయితీ ప్రకారం ముందు అమ్మవారికి కుట్టాలి, తర్వాతే మనుషులకు. అమ్మవారిదీ, మరో పదకొండూ అయిపోయాయి. మిగిలింది పెద్ద ఘటం ఎత్తే అచ్చియమ్మది. ఆవిడ తీరిగ్గా నాలుగు రోజుల ముందు గుడ్డా, కొలతకు పాత రవికా పట్టుకొచ్చింది.

స్టూలు మీద కూర్చోగానే బల్ల మీది అమ్మవారు కనబడింది. తాకి కళ్ళకద్దుకుందామని చెయ్యి పెట్టింది. మిషను నూనెకు నానిపోయిన పటం ఆవిడ వేళ్ళకంటుకుని ఊడొచ్చేసింది.

అచ్చియమ్మ రైల్వే స్కూల్లో హిందీ చదువుకున్న మనిషి. మొత్తం చదివింది.

"ఏటే నీలా ఇది?"

ఇలాంటి రోజు కోసం నీలవేణి ఒక అబద్ధం ఎప్పుడో సిద్ధం చేసుకుంది.

"బజార్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను పిన్నీ. ఎవులిదో ఏటో."

"అచ్ఛా! అదే అనుకున్నాను. అమ్మోరి రవిక కుట్టిన సేతులు కదా నీవి."

గండం గడిచింది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ చివరి మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. జబ్బుంటే ఈ చేతులు అమ్మవారికి పనికిరావనా? ఇవి ఏం పాపం చేశాయని? ఏడేళ్ళుగా మింగిన కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"మిషను నాదే పిన్నీ. ఆ జబ్బూ నాదే. ఏడేళ్ళ నుంచి మందులాడతన్నాను. అమ్మోరి రవిక ఈ సేతుల్తోనే కుట్టినాను."

అచ్చియమ్మ పటాన్ని బల్ల మీద పెట్టింది. కుట్టమనలేదు, వద్దనలేదు. గుడ్డా, పాత రవికా అక్కడే వదిలి లేచి వెళ్ళిపోయింది.

కొలత సరిగా చూసుకోకుండానే ఆ రాత్రే నీలవేణి ఆ రవిక కుట్టింది. మర్నాడు అచ్చియమ్మ కోడలు భానుప్రియ వచ్చి రవికలన్నీ ఉన్న మూట తీసుకుంది.

"మీ అత్తయ్య ఏటైనా సెప్పిందా?"

"నహీ తో. తెమ్మంది, అంతే."

ఆ రెండు రోజులూ నీలవేణి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. కొట్టు ముందు ఎవరాగినా ఖాళీ చెయ్యమనడానికే వచ్చారనుకుంది. రవికలన్నీ తగలబెట్టేశారేమోనని కూడా అనుకుంది.

జాతర పొద్దున డప్పులు దగ్గరకొచ్చాయి. సగం దించిన షట్టరు వెనక నుంచి చూసింది. అమ్మవారి ఒంటి మీద తను కుట్టిన రవికే, ఎర్ర అంచుతో. వెనక పదకొండుమందీ పసుపు రవికల్లోనే ఉన్నారు. అందరికంటే ముందు పెద్ద ఘటంతో అచ్చియమ్మ వస్తోంది, పాత నీలం రవికలో.

అంటే ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తను మాత్రం తొడుక్కోలేదు. కొట్టు నిలిచిందని సంతోషించాలో, ఏడవాలో నీలవేణికి తెలియలేదు. ఏడుపే వచ్చింది.

సాయంత్రం అచ్చియమ్మ ఒక్కతే వచ్చింది. పసుపు రవిక మిషను మీద పడేసింది.

"ఏటే ఈ కుట్టడం? బుజాల కాడ పట్టీసింది. రెండుసార్లు తొడిగినాను. సెయ్యి పైకెత్తనేకపోతే ఘటమెలా ఎత్తుతాననుకున్నావు? ఇప్పి కుట్టు. వచ్చే జాతరకి ఇదే తొడుగుతాను."

నీలవేణి రవిక చేతిలోకి తీసుకుంది. చంకల దగ్గర చెమట మరకలున్నాయి.