పడ్డదా, నిండిందా

మా బాపు గజ్వేల్‌లో ఉండేవాడు, నన్ను కన్న అవ్వా, నేనూ సిద్దిపేటలో. ఆయన తాపీమేస్త్రీ. అవ్వ బీడీలు చేసేది. నాకు ఊహ తెలిసేసరికే వాళ్లిద్దరూ విడిగా ఉంటున్నారు. ఇడుపు కాగితం, అంటే విడాకులు, మాత్రం లేదు. దేవుని ఎదుట చేసిన ప్రమాణాన్ని తెంపే అధికారం తమకు లేదని మా చర్చి సంఘ పెద్దలు అన్నారట. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కకూడదని మా సంఘంలో బోధ. కాబట్టి కోర్టులో మనోవర్తి అనేదాన్ని మా గుడిలోనే కూర్చుని తేల్చారు. మా ఇంట్లో దాని పేరు సాదే పైసలు. బిడ్డకు పద్దెనిమిదేళ్ల దాకా తండ్రి ఇవ్వాలి. నెలకోసారి, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం, ఆరాధన అయ్యాక, పెద్దల ముందు ఇవ్వాలి.

ఆ మాట అనుకున్నప్పుడు నేను అవ్వ ఒళ్లో ఉన్నాను. ఎవరూ ఏమీ రాసుకోలేదు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, అందరూ ఆమెన్ అన్నారు.

బాపు ఏ నెలా తప్పలేదు. మగవాళ్ల వైపు కిటికీ పక్కన కూర్చునేవాడు. సున్నానికి పగిలిన ఆ వేళ్ల మధ్య పాటల పుస్తకం చిన్నగా కనిపించేది. ఆరాధన తర్వాత గుడి వెనక గదిలో పైసలు ఒక పెద్దమనిషి చేతికిచ్చేవాడు. ఆయన వాటిని అవ్వకు అందించేవాడు. మంచిగున్నవా అని బాపు నన్ను అడిగేవాడు, మంచిగున్నానని చెప్పేదాన్ని. ఆ తర్వాత గజ్వేల్ బస్సుకు వెళ్లిపోయేవాడు. అప్పట్లో ఇందులో నాకు బాధ ఉండేదని చెప్పలేను. అందరి ఇళ్లలో తండ్రులు రోజూ ఉంటారని తెలుసు. మా ఇంట్లో నెలకోసారి ఉంటాడు, అంతే అనుకునేదాన్ని.

ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయింది. వానాకాలం మొదట్లో నా పుట్టినరోజు. ఆ తర్వాత వచ్చిన సంస్కారపు ఆదివారం బాపు వెనక గదిలోకి వచ్చాడు కాని జేబులో చెయ్యి పెట్టలేదు.

“బిడ్డకు పద్దెనిమిది పడ్డయి అయ్యగారూ. నా మాట నేను నిలవెట్టుకున్న,” అన్నాడు.

మా దిక్కు వయసును రెండు విధాలుగా చెప్తారు. పదిహేడు దాటి పద్దెనిమిదో ఏట అడుగుపెడితే పద్దెనిమిది పడ్డది అంటారు. ఆ ఏడు కూడా గడిస్తే నిండింది అంటారు. ఈ రెండు మాటలకూ మధ్య ఒక ఏడాది ఉంది. నాకు అది ఇంటర్ రెండో సంవత్సరం. అవ్వ చేసే బీడీలతో ఇద్దరం తినగలం. నేను కాలేజీకి పోవాలంటే మాత్రం బాపు పైసలు రావాలి. రాకపోతే నేనూ అవ్వ పక్కన చాట ముందేసుకుని కూర్చోవాలి. మా వాడలో ఆడపిల్లలు చాలామంది అట్లాగే కూర్చున్నారు. ఒకసారి కూర్చున్నవాళ్లు మళ్లీ కాలేజీకి పోవడం నేను చూడలేదు.

అవ్వ బాపుతో నేరుగా మాట్లాడేది కాదు. పెద్దల వైపు తిరిగి, “పడుడేంది? నిండాలె గద,” అన్నది.

“నేనన్లె. ఆమెనే అన్నది. బీడీల కార్ఖాన కాడ అందరి ముంగట, నా బిడ్డకు పద్దెనిమిది పడ్డదని మురిసిందట,” అన్నాడు బాపు.

అది నిజమే. అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. గజ్వేల్ దాకా ఆ మాటను ఎవరు మోశారో తెలియదు.

పెద్దల్లో ఒకాయన నవ్వి, “ఏం మేస్త్రీ, గోడలు లేవంగనే ఇల్లయిందని తాళంచెవి ఇస్తవా?” అన్నాడు.

“తీస్కునేటోడుంటే ఇస్త. కప్పు లేకున్నా ఉండేటోళ్లు మస్తుమంది ఉన్నరు,” అన్నాడు బాపు. అందరూ నవ్వారు. అవ్వా నేనూ నవ్వలేదు.

అయ్యగారు నవ్వులు ఆపించారు. ఈ సంగతి తేలేదాకా భార్యాభర్తలిద్దరూ సంస్కారం తీసుకోకూడదని చెప్పారు. బయటివాళ్లకు ఇది చిన్న శిక్షగా కనిపించవచ్చు. మాకు కాదు. మనసులో తగువు పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి పోవడం కంటే ఆకలితో ఉండడం మేలని నేర్చుకుని పెరిగినవాళ్లం.

ఆ నెల నేను కాలేజీకి పోలేదు. ఆకు కత్తిరించడం, దారం చుట్టడం అవ్వ దగ్గర నేర్చుకున్నాను. చెయ్యి తొందరగానే కుదిరింది. బాపు అబద్ధమాడాడని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆయన తన వయసు కూడా అట్లాగే పడ్డది అని చెప్పుకునేవాడు. పొద్దునా రాత్రీ ప్రార్థన చేశాను. ఆయన మనసు మార్చమని అడగలేదు. ఏది న్యాయమో అది తేల్చమని అడిగాను.

మరుసటి సంస్కారపు ఆదివారం అందరూ లేచి ముందుకు వెళ్తుంటే బాపు ఆ వైపు, అవ్వ ఈ వైపు కూర్చుండిపోయారు. అవ్వ తల మీద కొంగు ముఖం దాకా లాక్కుంది. బాపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆరాధన తర్వాత వెనక గదికి పెద్దమ్మ కూడా వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే ముసలామె. సంఘమంతా ఆమెను పెద్దమ్మ అనేది. ఆమె తిన్నగా బాపు ఎదుటికి పోయి కూర్చుంది.

“నీ బిడ్డ పుట్టినప్పుడు దవాఖానల నేనున్న, యాదికున్నదా? తొమ్మిదో నెల పడ్డదని మీ ఆమె అందరికి చెప్పుకున్నది. పడంగనే కన్నదా? నెలలు నిండినంక కన్నది. నువ్వు గూడ దవాఖాన అరుగు మీద ఆగినవు. గప్పుడు ఆగినోనివి గిప్పుడెందుకు ఆగవు?”

నాకు తెలిసినంతలో లేఖనాల్లోనూ కాలాలు నిండుతాయి, దినాలు నిండుతాయి. దేవుడు తన పని అప్పుడే చేస్తాడు. పెద్దమ్మ అది చెప్పలేదు, నాకే తోచింది.

బాపు చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

“పెద్దమ్మ మాట కాదనను. నిండేదాక ఇస్త. కానీ నిండినయని గా దినం నా బిడ్డనే చెప్పాలె. వాళ్లవ్వ నోట నేను వినను.”

అయ్యగారు నా వైపు చూశారు. చెప్తానన్నాను. సోమవారం కాలేజీకి పోయాను.

ఆ ఏడాది ఎప్పటిలాగే గడిచింది. బాపు వచ్చేవాడు, ఇచ్చేవాడు, మంచిగున్నవా అని అడిగేవాడు. ఇద్దరూ మళ్లీ సంస్కారం తీసుకున్నారు, ఎవరి వైపు నుంచి వాళ్లు నడిచి వెళ్లి. నేను ఇంటర్ పాసయ్యాను. ఫలితాలు వచ్చిన తర్వాత కొన్నాళ్లకే పుట్టినరోజు వచ్చింది.

ఆ సంస్కారపు ఆదివారం అవ్వ వెనక గదిలోకి రాలేదు. గుడి మెట్ల మీద చెప్పుల దగ్గర కూర్చుంది. లోపల పెద్దలున్నారు, అయ్యగారున్నారు. బాపు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన అంగీ వేసుకున్నాడు. నేను చెప్పాల్సింది చిన్న మాట, ఏడాది కిందట ఒప్పుకున్నదే. అది అన్నాక ఆయన ఈ గదికి రావలసిన పని ఉండదని అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

“పద్దెనిమిది నిండినయి బాపూ,” అన్నాను.

ఆయన తల ఊపాడు. “పంతొమ్మిది పడ్డది,” అన్నాడు.

అయ్యగారు ప్రార్థన చేశారు, మేం ఆమెన్ అన్నాం. మంచిగున్నవా అని ఆయన అడగలేదు. బస్సుకు టైమైందని పెద్దలందరికీ వందనాలు చెప్పి వెనక తలుపు నుంచి వెళ్లిపోయాడు.

ఇంటికి నడుస్తుంటే, ఏమన్నాడని అవ్వ అడిగింది. పంతొమ్మిది పడ్డదన్నాడని చెప్పాను.

“గా మాట గూడ నిజమే,” అన్నది అవ్వ.