అవ్వ గొంతుకు కావలి

మా చిన్నప్పుడు... బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే మా గడప ముందు చెప్పులు పెరిగేవి. మా ఊరు పెద్దవంగరలో మా వాడకట్టు మొత్తానికి కంప్యూటర్ ఉన్నది మా ఇంట్లోనే. తొర్రూరులో ఇంటర్నెట్ సెంటర్ ఒకటి మూతపడితే, నా చదువుకు పనికొస్తుందని బాపు అక్కడి నుంచి పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. అమ్మ దానికి పాత చీరతో ముసుగు కుట్టింది...

అందరూ మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు పట్టుకొని వచ్చేది అవ్వ పాటల కోసం. అవ్వ అంటే బాపు వాళ్ళమ్మ. ఆమె బతుకమ్మ పాట ఎత్తుకుంటే వాడకట్టు ఆడవాళ్ళంతా వెనక అందుకునేవాళ్ళు. ఆమె పోవడానికి కొన్నాళ్ళ ముందు మా మామ తన ఫోన్‌లో ఆ పాటలన్నీ రికార్డు చేసి, మా కంప్యూటర్‌లో ఎక్కించాడు.

పాటలతో పాటు ఇంకొకటి కూడా ఉండేది... చివరి పాట అయ్యాక మామ ఫోన్ ఆపడం మరిచిపోయాడు. చేనుకు బయల్దేరుతున్న బాపును అవ్వ కేకేయడం అందులో పడింది.

"కొడుకా... ఎండ బాగ ఉన్నది. రుమాలు కట్టుకొని పో. గింత తిని పోరాదు..."

అంతే. అవ్వ పోయాక బాపు రోజూ పొద్దున నాతో అది పెట్టించుకొని విని, రుమాలు చుట్టుకొని చేనుకు పోయేవాడు.

ఒకసారి కంప్యూటర్ మొరాయిస్తే తొర్రూరులో బాగుచేసే అన్న దగ్గరికి తీసుకెళ్ళాం. "వైరస్ వచ్చింది. ఊరోళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ పెడితే రాదా మరి? యాంటీవైరస్ ఏసుకోండ్రి. కొనేదైతే ఏడాదికోసారి పైసలు కట్టాలె. ఉట్టిగ వచ్చేది గూడ ఉన్నది. మీ ఇష్టం," అన్నాడు.

ఆ రోజంతా ఇంట్లో అదే ముచ్చట. అమ్మ కొందామంది. "కొన్నదైతే రేపు ఏమన్నయితే పోయి అడగొచ్చు. ఉట్టిగ వచ్చినదాన్ని ఏమని అడుగుతం?"

బాపు వినలేదు. మా దగ్గర మిర్చి కల్లంలో ఆరబోస్తే ఒకరి కల్లం ఒకరు వంతులేసుకొని కాస్తారు. దానికి కూలి ఎవరూ అడగరు. బాపుకు తెలిసిన లోకం అది. "మన మిర్చిని ఉట్టిగనే కాస్తలేరా? పైసలిస్తెనే కావలా?" అని ఉచితందే వేయించాడు.

అది తెర మూలన చిన్న బొమ్మై కూర్చుంది. కొన్నాళ్ళకు దాని మీద ఎర్ర గుర్తు పడింది... అప్‌డేట్ చేయమని అడుగుతుండేది. మా ఇంట్లో నెట్ లేదు. నేను చదివి చెబితే బాపు నవ్వేవాడు. "కండ్లు ఎర్రగ చేసుకొని చూస్తున్నది గద బిడ్డా, మంచిగ కాస్తున్నది." కావలిగాడు ఎప్పుడో నిద్రపోయాడని మాకెవరికీ తెలియదు.

ఆ ఏడు బతుకమ్మకూ అందరూ వచ్చారు. బాపు ఎవరినీ కాదనలేదు. ఎదురింటి యాకమ్మ పెద్దమ్మ మాత్రం పాటలు ఎక్కించుకున్నాక, "మీ అవ్వ ముచ్చట పెట్టింది గూడ ఇయ్యి బిడ్డా, వింట," అంది. నేను బాపు వైపు చూశాను.

"గది ఇంటి మాట వదినె... పాట గాదు," అన్నాడు మెల్లగా.

పండుగ వెళ్ళాక ఒక పొద్దున ఆ మాట పెట్టబోతే తెరుచుకోలేదు. పాటలూ అంతే. ముగ్గురం తొర్రూరు పోయాం. ఆ అన్న చాలాసేపు చూసి, ఫైళ్ళన్నీ చెడిపోయాయి, అంతా చెరిపేసి కొత్తగా వేయడమే దారి అన్నాడు. మామ ఆ ఫోన్ ఎప్పుడో అమ్మేశాడు.

"కొన్నదైతే ఆగుతుండెనా తమ్మీ?" అని అమ్మ అడిగింది.

"నెట్ పెట్టి అప్‌డేట్ చెయ్యకుంటే కొన్నదైనా గంతే అక్కా."

బాపు ఆ మాట విన్నాడో లేదో... బస్సులో ఇంటికొచ్చేదాకా "పైసలు పెట్టి కొంటె అయిపోతుండె" అని అదే మాట. అమ్మ ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు.

ఆ సాయంత్రమే యాకమ్మ పెద్దమ్మ వచ్చింది. ఫోన్‌లోంచి మెమరీ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "మీ అవ్వ నా ఫోన్ల ఉన్నది బిడ్డా. ఏడ్వకుండ్రి." తర్వాత ఇంకొకరు, ఇంకొకరు... వైరస్ మోసుకొచ్చిన ఆ పెన్‌డ్రైవ్‌లే పాటలన్నీ తిరిగి తెచ్చిచ్చాయి.

ఎవరికీ ఇవ్వని ఆ ఒక్క మాట మాత్రం రాలేదు.

మర్నాడు బాపు రుమాలు కట్టుకోకుండానే చేనుకు పోయాడు. ఆ పోతున్న మనిషిని చూసి నాకు ఏడుపు ఆగలేదు...

మొన్న నేను కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. డబ్బు కట్టే యాంటీవైరస్సే వేయించాను. పట్నంలో నేనుండే ఇంట్లో నెట్ ఉంది, అప్‌డేట్ దానంతటదే అయిపోతుంది. ఊరికి తీసుకెళ్ళి చూపిస్తే బాపు "మంచిగైంది బిడ్డా" అన్నాడు. దాని మూత మీద చెయ్యేసి, "గని... దీంట్ల కావలి కాసేటందుకు ఏమున్నది?" అన్నాడు.

ఫోన్‌లో రికార్డు నొక్కి ఆయన ముందు పెట్టాను. "ఏమన్న మాట్లాడు బాపు." ఆయన లేచి నా బ్యాగు తెచ్చి పెట్టాడు, నేను రికార్డు ఆపలేదు. బస్సు వేళయిందని నేను బ్యాగు తగిలించుకుంటుంటే, అప్పుడు...

"బిడ్డా... ఎండ బాగ ఉన్నది. చున్నీ కప్పుకొని పో. గింత తిని పోరాదు..."

బస్సెక్కగానే దాన్ని ముందు యాకమ్మ పెద్దమ్మకు పంపాను. తర్వాత చుట్టాలందరికీ.

అప్పట్లో ఒక్క పాట కావాలంటే చెప్పులు విడిచి ఇంట్లోకి రావాలి, కూర్చోవాలి, చాయ్ తాగాలి... ఇప్పుడు అన్నీ అందరి ఫోన్లలోనే ఉన్నాయి. మా గడప ముందు చెప్పులే లేవు.

మీ పెద్దవాళ్ళు రోజూ అనే మామూలు మాట ఏది...? ఇక్కడ రాయండి. మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి.