తాడు లాగీ వాటా దక్కని చెంచురామయ్య గారు

చెంచురామయ్య గారు ఇక లేరన్న వార్త నాకు మా ఊరు కోట బజారులో, చేపల బేరాల నడుమ వినవలసివచ్చింది. "మీ సినిమా రామయ్య పొయినాడంట గదా సామీ, నిన్న తెల్లారుజామున. గుండెల్లో నొప్పి అన్నాడంట, అంతే" అని తట్ట దించుకుంటూ చెప్పాడు మైపాడు నుంచి వచ్చిన మనిషి. "ఏం కూశావురా?" అని గద్దించాను. పాపం, అతనేం చేశాడు! మొన్న పున్నమికి నా పక్కన కూర్చుని చుట్ట కాల్చిన మనిషి ఈనాడు లేడంటే నమ్మడమెట్లా? చేతిలో సంచి ఉన్నదో జారిపోయిందో తెలియని స్థితిలో బస్సెక్కాను.

వెండితెర మీద ఆయన పేరు చూసినవారు స్వల్పం. ఆయన మాటలు విననివారు తెలుగుదేశంలో అంతకంటె స్వల్పం. ఇందుకూరుపేటకు దాపున, సముద్రపుటొడ్డు పట్టపుపాళెంలో చేపల వేటే జీవనమైన ఇంట పుట్టి, నాటకాల మోజుతో మద్రాసు చేరి, పదిమంది రచయితల పేర్ల చాటున సంభాషణలు రాసిన అజ్ఞాత సరస్వతీపుత్రుడాయన. నేనూ మద్రాసులో అదే కూలి చేసినవాణ్ణి. ఇద్దరిదీ ఒకే అద్దె గది. నాకంటె పెద్దవాడు గనుక ఆయనను 'అన్నా' అనేవాణ్ణి. నేను కోటకు తిరిగివచ్చి బడిపంతులునయ్యాను. ఆయన మాత్రం ఆ వలలోనే చిక్కుకున్నాడు.

ఆయన రచనాపద్ధతి విచిత్రం. నోటితో చెప్పనిదే కలం పట్టడు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ మొగుడి మాట మొగుడి గొంతుతో, పెళ్ళాం మాట పెళ్ళాం గొంతుతో చెప్పి, అది చెవికింపైతేనే కాగితం మీద పెట్టేవాడు. ఒకనాడు ఇంటి యజమానురాలు తలుపు బాది, "మీ సంసారం సంగతి తరువాత, ముందు ఆ పిల్లను ఏడిపించకండి" అని మమ్మల్ని చీవాట్లు పెట్టింది. లోపల ఏ పిల్లా లేదని చూపించడానికి మంచం కింద కూడా వెతికించవలసివచ్చింది. అన్న సిగ్గుపడి రెండు రోజులు గుసగుసగా రాశాడు. ఆ రాసినదంతా చప్పగా ఉందని తానే చించిపారేశాడు.

ఆయన హృదయంలో మొదటినుంచీ ఉన్నది ఒక్కటే కథ, తల్లి కథ. జరిగిన సంగతి ఇది. పాళెంలో పెద్ద వలను పడవ మీద సముద్రంలోకి తీసుకుపోయి చుట్టి వస్తారు. దాని తాళ్ళను ఒడ్డునుండి జనమంతా లాగుతారు. తాడు పట్టిన ప్రతి చేతికీ పట్టుబడిలో వాటా ఉంటుంది. చెంచురామయ్య గారు చంకబిడ్డగా ఉన్నప్పుడు తండ్రి వేటకు పోయి తుపానులో తిరిగిరాలేదు. కొన్నాళ్ళకు తల్లి పోలమ్మ గారు బిడ్డను ఇసుకలో కూర్చోబెట్టి మగవారి వరుసలో నిలబడింది. ఆడది తాడు పట్టడమేమిటని పెద్దలు కేకలేశారు. "నా మొగుడి చోటు ఖాళీగా ఉండాది. నేను పట్టుకున్నా. నా చెయ్యి యెవురు తీస్తారో రాండి చూస్తా" అన్నదట ఆ ఇల్లాలు. ఎవరూ రాలేదు. సాయంత్రం ఆమె వాటా ఆమె ముందు పోశారు. ఇది పాళెమంతా ఎరిగిన సంగతి గనుక చెప్పడానికి నాకెవరి అనుమతీ అక్కరలేదు. దీని మీద ఆయన అల్లిన కథను, ముఖ్యంగా దాని ముగింపును, ఈ పత్రికలో చెప్పే హక్కు మాత్రం నాకు లేదు. ఎందుకు లేదో మనవి చేస్తాను.

మద్రాసులో ఒక చిత్ర నిర్మాత ఆయనను కథ చెప్పమని పిలిచాడు. అక్కడ ఆరితేరిన రచయితలు విశ్రాంతి ఘట్టం దాకా చెప్పి, మంచినీళ్ళు తాగి, "మిగతాది అగ్రిమెంటు తరువాత" అని లేచిపోతారు. నేనూ గుమ్మం దగ్గర చేయి పట్టుకుని బతిమాలాను. "సగం చెప్పి ఆపన్నా, నీకు పుణ్యముంటుంది" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మొదలుపెట్టిన కథను నడిమధ్యలో వదిలేస్తే వేటకు పొయినోళ్ళు ఒడ్డు చేరరని మా పాళెంలో నమ్మకం అబ్బయా. అందులోనూ ఇది మా నాయన సంగతి. యెట్లా ఆపేది?" అన్నాడు. మద్రాసు నగరంలో ఆ కారణంతో నష్టపోగలవాడు మరొకడు ఉండడు. నన్ను వెంటబెట్టుకుని లోపలికి పోయి ఆద్యంతం చెప్పాడు. నిర్మాత కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తడి ఆరకముందే అగ్రిమెంటు కాగితం ముందుకు తోశాడు.

అందులో ఆ కథను ఏ రూపంలోనైనా, ఏ కాలంలోనైనా వాడుకునే హక్కు సమస్తం కంపెనీదేనని ఉంది. "సంతకం పెట్టొద్దు" అని నేను మొత్తుకున్నాను. "తాడు పట్టినోడికి వాటా ఇయ్యకుండా యెవురన్నా ఉంటారా?" అని నవ్వుతూ పెట్టేశాడు. ఉంటారన్నా, బ్రహ్మాండంగా ఉంటారు! సముద్రమంటే ఎవరూ సినిమా చూడరని ఆ కథను అటకెక్కించారు. రెండేళ్ళకు అదే కంపెనీ చిత్రంలో నాయిక పట్టుచీర కట్టి తేరు తాడు లాగే ఘట్టం వచ్చింది. కథ మరొకరి పేర. నెల్లూరు హాలులో నా పక్కన కూర్చుని చూసిన అన్న ఒక్కమాటే అన్నాడు: "ఆ పిల్లకు తాడు పట్టుకోను రాదబ్బయా. అరిచేతులు చూడు, యెంత నున్నంగా ఉండాయో." ఆ మాటకు నవ్వినవాణ్ణి, ఆయన మొహం చూసి ఏడ్చాను.

విరక్తుడై పాళెం చేరాక కుర్రకారు ఆయన చుట్టూ మూగి ఆ కథను నాటకంగా ఆడతామన్నారు. దీపావళికి వేషాలు సిద్ధమయ్యాయి. ఎట్లా తెలిసిందో గాని కంపెనీ వకీలు నోటీసు వచ్చింది. నాటకంగా గాని, పుస్తకంగా గాని, పదిమంది ఎదుట నోటిమాటగా గాని ఆ కథను వెలువరిస్తే కోర్టుకీడుస్తామన్నారు. అన్న ఆ కాగితం పట్టుకుని వేషాలు విప్పించాడు. ఆ రోజునుంచి ఆయన కథ చెప్పగా విన్నవారు లేరు. కూతలు కూసే పిట్ట నోరు కట్టేసినట్టు మనిషి మూగబోయాడు. పోనీ వేరే కథ రాయమంటే, "అది గొంతులో అడ్డంగా ఉండాది. దాన్ని దాటి ఇంకోటి రాదు" అనేవాడు.

అన్నిటికంటె ఘోరం, ఆ కథను తల్లి వినలేదు. "ఒక్కసారి చెప్పరా, నా సంగతి యేం రాసినావో" అని ఆమె అడిగినప్పుడల్లా ఈయన తల వంచుకుని ఇసుకలోకి పోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "కన్నతల్లికి చెబితే ఏ కోర్టు ఉరి తీస్తుందన్నా?" అని కేకలేశాను. "పాళెంలో ఒకరికి చెప్తే పదిమంది చేరతారు. చేరినాక ఆపకూడదు. ఆపకపోతే జైలు. నేను పొయ్యేది యాడికబ్బయా?" అన్నాడు. రెండు వైపులా తలుపులు మూసుకుని కూర్చున్న మనిషికి నేనేం చెప్పగలను? ఆయన ధర్మభీతి మీద నాకు గౌరవం. ఆ భయం మీద నాకిప్పటికీ కోపం.

కర్మనాడు మళ్ళీ పాళెం వెళ్ళాను. పోలమ్మ గారు చూపు మందగించి, నా చేయి తడిమి పట్టుకుంది. "నువ్వు విన్నావంట గదా నాయనా. వాడు చెప్పకుండానే పొయినాడు. నువ్వన్నా చెప్పు." ఒడ్డున తిరగేసిన పడవ నీడలో కూర్చుని మొదలుపెట్టాను. ఒకరొకరే చేరారు. ఎందరు చేరినా ఆపలేదు. అన్న గొంతు నాకు రాదు, ఆయన మాటలు మాత్రం ఒక్కటీ పోనివ్వలేదు. వేటకు పోయిన పడవలు ఆ పూట అన్నీ తిరిగివస్తూ కనిపించాయి.

ముగించాక ఆమె నెమ్మదిగా అడిగింది. "కడాకు వాళ్ళ నాయన్ను ఒడ్డుకు తెచ్చినాడా నా బిడ్డ? వచ్చి నా పక్కన తాడు పట్టుకున్నాడని, అట్లనే రాసినాడా?" తల ఊపాను. ఊపింది ఆమెకు కనిపించదని తోచి చేయి నొక్కాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నది:

"ఆ ముక్క మద్రాసోళ్ళకెందుకు నాయనా? నాకు గదా ఇయ్యాల్సింది."

పాఠక మహాశయులారా, ముగింపును నేను చెప్పలేదు. ఒక తల్లి అడిగిన ప్రశ్నను రాశాను. అభ్యంతరమున్న కంపెనీవారు పాళెం వచ్చి ఆమెకే నోటీసు చదివి వినిపించుకోవచ్చు.

చెంచురామయ్యన్నా, ఇదే నా అశ్రుతర్పణం. వరుసలో నీ చోటు ఖాళీగా ఉంది. అందులో నిలబడి తాడు పట్టగల మనిషి కోసం చూస్తున్నాను. ఎవరూ కనబడడం లేదు.