కోసిగి ఈరన్న కూత

మా చిన్నప్పుడు... కబడ్డీ ఆట దగ్గర అందరూ మునికాళ్ల మీద లేచి చూస్తుంటే, మా నాయన మాత్రం కళ్లు మూసుకుని నిలబడేవాడు.

ఆదోనిలో మాది పరుపులు కుట్టే అంగడి. నాయన పేరు హుసేనప్ప. కోసిగి ఈరన్న ఆడుతున్నాడని తెలిస్తే చాలు... దూది ఏకే విల్లు గోడకు తగిలించి, అంగడి మూసి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కేవాడు. ఎమ్మిగనూరైనా సరే, ఉరుకుందైనా సరే.

అప్పట్లో కూతకు గడియారం లేదు. "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి వైపు పోయినవాడు ఊపిరి తెగకముందే గీత దాటి వెనక్కి రావాలి. అంతే. ఈరన్న కూత... బాగా ఏకిన దూదిలా ఎక్కడా ముడి లేకుండా సాగేది.

"ఏమప్పా హుసేనప్పా, ఆట సూసేకి వచ్చినావా, నిద్దరపోయేకి వచ్చినావా?" అని పక్కనున్నవాళ్లు నవ్వేవారు.

"ఈరన్న ఆట సెవులతో సూడాల. మీకు యాడ తెలుస్తాదిలే!" అనేవాడు కళ్లు తెరవకుండానే.

ఈరన్నకు జిన్నింగు మిల్లులో పని. మిల్లు జట్టుకు ఆడతాడనే ఆ పని ఇచ్చారు. పగలంతా దూది దుమ్ములో... సాయంత్రం ఆటలో.

ఒక శ్రావణమాసం, ఉరుకుంద జాతరలో ఆట. ఈరన్న కూతకు పోయాడు. నాయన ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు. ఈరన్న కూత నడుస్తుండగా ఆయన కళ్లు తెరవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమైంది నాయనా?"

"లోపల గరగరమంటాంది... ఇనపడలేదా?"

నాకు వినపడలేదు. అక్కడ ఎవరికీ వినపడలేదు. జనం ఈలలు వేస్తున్నారు.

మా తాత కూడా దూది ఏకినవాడే. చివరి ఏళ్లన్నీ దగ్గుతూనే ఉన్నాడు. ఆ గరగర మొదలైన నాటి నుంచి ఆగిపోయిన నాటి దాకా పక్కనే ఉండి విన్నవాడు నాయన.

ఆట మధ్యలో విరామం ఇచ్చారు. ఎన్నడూ ఈరన్న ముందుకు పోయి పలకరించని మనిషి... ఆ రోజు నీళ్ల డ్రమ్ము దగ్గరున్న ఈరన్న దగ్గరికి పోయాడు.

"ఈరన్నా, మిల్లు పని ఇడిసిపెట్టప్పా."

"ఏంటికన్నా? నా కూత బాగలేదా?"

"కూత బాగుంది. ఊపిరే బాగలేదు."

ఈరన్న నవ్వాడు. "మిల్లు ఇడిస్తే ఏం తినాలన్నా? మా ఊరోళ్ల మాదిరి నన్నూ సుగ్గికి పొమ్మంటావా? మూటముల్లె కట్టుకొని ఊరిడిసి కూలికి పోతే, ఇంగ కబడ్డీ ఎవురు ఆడతారు?"



ఆ రోజు ఈరన్నే గెలిపించాడు. భుజాల మీదికి ఎత్తుకున్నారు. గులాల్ చల్లారు. ఆ పైన కూర్చునే దగ్గాడు... గులాల్ ముక్కులోకి పోయిందనుకుని అందరూ నవ్వారు. నాయన చప్పట్లు కొట్టలేదు.

మరుసటి శ్రావణానికి ఈరన్న ఆడలేదు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడని తెలిసింది. నాయన ఎత్తుగా రెండు దిండ్లు కుట్టాడు. వాటిలో దూది పెట్టలేదు... కొబ్బరి పీచు పెట్టాడు. కోసిగికి తనే మోసుకుపోయి ఇచ్చి వచ్చాడు.

ఆ తర్వాతి శ్రావణానికి ఈరన్న లేడు.

ఇప్పుడు టీవీలో కబడ్డీ వస్తుంది. లైట్లు, రంగు చొక్కాలు, కూతకు గడియారం... నాయన చూడడు. "గడియారం ఆడతాంది, మనిషి యాడ ఆడతాండాడు?" అంటాడు.

మొన్న సాయంత్రం మా ఇంటి వెనక ఖాళీ జాగాలో పిల్లలు ఆడుతున్నారు. నాయన మంచం మీద కళ్లు మూసుకుని వింటున్నాడు. బాగా ఆడే పిల్లవాడు ఒకడున్నాడు... నిండా ఇరవై ఉండవు. వాడు కూతకు పోయాడు.

నాయన కళ్లు తెరిచాడు.

"ఆ పిల్లోడు యాడ పనికి పోతాండాడు?"

"మిల్లుకే నాయనా."

మళ్లీ కళ్లు మూసుకోలేదు. ఆట అయిపోయేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు అందరం పాయింట్లు చూస్తున్నాం... మీ ఊళ్లో కూత వినేవాళ్లు ఎవరైనా మిగిలారా? ఉంటే, వాళ్లకేం వినపడుతోందో ఒకసారి అడిగి రాయండి...