బోర్డు మీద నవంబరు ఆరు

ముమ్మిడివరం మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు చంద్రరావుగారిది. సొంతూరు కోరుకొండ. ఇంటర్ తప్పాక తండ్రి కిరాణా కొట్లో కూర్చోబెట్టారు. పొట్లాలు కట్టే పాత పేపర్లలో 'చరిత్రలో ఈ రోజు' అన్న ముక్క కనిపిస్తే దాన్ని ఈయన చింపి జేబులో పెట్టుకునేవారు. ఒకే తేదీన ఒక దేశంలో రాజు గద్దెనెక్కాడని, ఇంకో దేశంలో ఓడ మునిగిందని చదివితే ఆయనకు భలే వింతగా ఉండేది.

పెళ్లయిన కొన్నేళ్లకు అత్తవారి ఊరైన ముమ్మిడివరం వచ్చి స్టీలు కొట్టు తెరిచారు. గుమ్మం పక్కన నల్లబోర్డు పెట్టి, రోజూ పొద్దున్నే ఆ తేదీన జరిగిన సంగతులు సుద్దముక్కతో రాసేవారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చదివేవారు. కాలేజీ పిల్లలు కొందరు మాస్టారూ అని పిలవసాగారు. చదువు ఆగిపోయిన మనిషికి ఆ పిలుపు ఎంత తీపో వేరే చెప్పక్కర్లేదు. ఉత్సాహం పెరిగి బోర్డు కింద రోజుకో ప్రశ్న కూడా వేయడం మొదలుపెట్టారు. సరిగ్గా చెప్పినవాళ్లకి చిన్న స్టీలు డబ్బా బహుమతి. ఎవరైనా చెప్పగానే, రోడ్డు మీదికి వినిపించేలా "కరెక్టండి" అనేవారు.

రెండేళ్ల కిందట నవంబరు ఆరున ఆయన మూడు సంగతులు రాశారు. 1860లో లింకన్ అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికవడం, 1913లో దక్షిణాఫ్రికాలో గాంధీజీ అరెస్టు, 1996లో కోనసీమ తుపాను. ఇంత పెద్ద పెద్ద వాటి పక్కన మన ప్రాంతం పేరు కూడా వచ్చిందని మురిసిపోయారు. ఆ తుపాను నాడు ఆయన సముద్రానికి దూరంగా, కోరుకొండలో ఉన్నారు. గాలికి పెరట్లో రెండు రేకులు లేచిపోయాయి, మర్నాడు కరెంటు లేదు. ఆయనకు తెలిసింది అంతే. అందుకే ఏ ఆలోచనా లేకుండా కింద ప్రశ్న రాశారు: 'ఆ రాత్రి మన చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ నష్టపోయిన ఊరేది?'

పది దాటాక పాపాయమ్మగారు మనవరాలు హారతితో వచ్చారు. కాట్రేనికోన అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లెలో వ్యవసాయం వాళ్లది. చాలా ఏళ్లుగా ఈ కొట్లోనే కొంటారు. చిన్నకొడుకు డాబా ఇల్లు కట్టాడు, గృహప్రవేశానికి వచ్చేవాళ్లకి పంచడానికి పేర్లు చెక్కించిన డబ్బాలు కావాలి. ఆవిడకు చదువు రాదు. బోర్డు మీద ఏం రాశారో చదవమని మనవరాలిని అడిగారు. హారతి లింకన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి ప్రశ్న దాకా వచ్చి, ఆ ప్రశ్న సగంలో గొంతు తగ్గించేసింది. కానీ పాపాయమ్మగారు విన్నారు.

"మా ఊరేనండి," అన్నారావిడ. "మా ఇంట్లోనే ముగ్గురు పోయారు. మా ఆయన, పెద్దోడు, మా అత్తగారు."

"కరెక్టండి," అన్నారు చంద్రరావుగారు.

అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. చెయ్యి కూడా అలవాటు కొద్దీ వెనక్కి వెళ్లి డబ్బా తీసి గల్లాపెట్టె పక్కన పెట్టింది. అప్పటికి గానీ ఆయన చెవులు ఆవిడ మాట పూర్తిగా వినలేదు. కొట్లో ఉన్నవాళ్లంతా ఆవిడవైపు తిరిగారు. పాపాయమ్మగారు ఆ డబ్బా వంక ఒకసారి చూసి, "పదమ్మా," అని హారతి భుజం పట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆయన తడిగుడ్డతో బోర్డంతా తుడిచేశారు. మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఏమైందని భార్య జగదాంబ అడిగితే, తల వంచుకునే జరిగింది చెప్పారు.

"నేనూ ఈ ఊరిదాన్నే కదండీ," అందావిడ. "పెళ్లయి ఇన్నేళ్లయింది. ఆ రాత్రి మేమెలా బతికామో మీరు ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. ప్రపంచంలో ఏ తేదీన ఏం జరిగిందో వెతికి వెతికి రాసిన మనిషి, పక్కనున్న మనిషిని అడగలేదు. పొద్దుటి సిగ్గు మీద ఇది ఇంకొకటి చేరింది. ఆ రోజు ఆవిడే చెప్పింది. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే తండ్రి పిల్లలందరినీ మంచం కిందికి తోసి, దాని మీద తానే బోర్లా పడుకున్నాడట. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అడగకుండా విన్నారు.

గృహప్రవేశం అయిన వారానికి ధైర్యం కూడగట్టుకుని, బండి మీద ఆ పల్లెకు వెళ్లారు. గుమ్మానికి మామిడాకులు వాడిపోయి ఉన్నాయి. వసారాలో అమలాపురం స్టీలు కొట్టు పేరున్న ఖాళీ అట్టపెట్టెలు కనబడ్డాయి. పాపాయమ్మగారు కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

"తప్పయిపోయిందండి, పాపాయమ్మగారూ."

"రాసినందుకు కాదండి షావుకారుగారూ. అది రాయాల్సిందే, లేకపోతే ఎవరికి గుర్తుంటాది? కాకపోతే మీరు కరెక్టన్నారు చూడండి, అప్పుడందరూ నా వంకే చూశారు. మా వాళ్లు పోయి నేను ఏదో గెలిచినట్టయింది." బొండం వైపు చూపించి, "తాగండి, ఎండలో వచ్చారు," అన్నారు.

పర్లేదని మాత్రం అనలేదు. ఆయనా ఆ మాట ఆశించలేదు. బొండం ఖాళీ చేసి లేచారు.

ఇప్పుడు బోర్డు మీద సంగతులుంటాయి గానీ ప్రశ్న ఉండదు. కిందటేడు నవంబరు ఆరున తుపాను గురించి రాసి, కింద జగదాంబ చెప్పగా దెబ్బతిన్న ఊళ్ల పేర్లు రాశారు. జనం నిలబడి చదివారు, ఎవరూ ఏమీ అడగలేదు.

హారతి ఇప్పుడు ముమ్మిడివరంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. సాయంత్రం కొట్టు ఎదురుగానే బస్సెక్కుతుంది. కనబడితే, "బాగున్నారాండీ," అని పలకరిస్తుంది. ఆయన బాగున్నానమ్మా అంటారు గానీ, ఆ పిల్ల మొహంలోకి చూడలేరు. సర్దిన గిన్నెల్నే మళ్లీ సర్దుతూ, బస్సు కదిలేదాకా తల ఎత్తరు.